ఇయ్యదలచినవాడు పరుగెత్తనేల?



ఫిబ్రవరి నెల వచ్చినదంటే బెంగళూరులోని మన సంఘములలో యౌవనస్థులు కొందరు పెద్దల యొద్దకు వచ్చి, "అంకుల్, ఆదివారం పొద్దున్నే పరుగు ఉంది. అరుదైన జబ్బులున్న పిల్లల కోసం. మీరూ రండి, లేకపోతే ఎంతో కొంత ఇవ్వండి" అని అడుగుచున్నారు. ఒక పెద్దాయన మా యెదుటనే, "ఇచ్చేది ఇస్తే సరిపోదా బాబూ? దానికి రోడ్డు మీద చెమటోడ్చడం దేనికి? అదీ ఆరాధన పూట!" అన్నారు. ఆ మాటకు మేమును తల ఊపితిమి. అయితే తరువాత జరిగిన ఒక సంగతి మమ్మును మరల ఆలోచింపజేసినది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బెంగళూరు కేంద్రముగా పనిచేయు ఆర్గనైజేషన్ ఫర్ రేర్ డిసీజెస్ ఇండియా అను సంస్థ 2016లో ఈ "రేస్ ఫర్ 7" ఆరంభించినది. దూరము 7 కిలోమీటర్లు. అరుదైన వ్యాధులు 7,000 ఉన్నవనియు, రోగికి తన వ్యాధి పేరు తెలియుటకే సగటున 7 ఏండ్లు పట్టుచున్నదనియు, మన దేశములో ఇట్టివారు 7 కోట్ల మంది ఉందురనియు నిర్వాహకుల అంచనా. అందుకే ఆ అంకె. పరుగెత్తగలవారు పరుగెత్తుదురు, తక్కినవారు నడుతురు.

డబ్బు ఒక్కటే లెక్క అయినచో పెద్దాయన మాటే నిజము. చొక్కాలకు, పందిరికి, మంచినీళ్ళకు అయ్యే ఖర్చు లేకుండ కవరులో పెట్టి ఇచ్చుటే మేలు. ధర్మము చేయునప్పుడు బూర ఊదించుకొనరాదని సండేస్కూలులోనే నేర్చుకొన్నవారము మనము. కాని పేరైనా వినని వ్యాధికి కవరు ఎవరు నింపుదురు?

మన తెలుగువారి ఇండ్లలో ఇట్టి బిడ్డ పుట్టినచో ఏమి చేయుచున్నాము? "వాడికి కొంచెం నీరసం" అని చెప్పి లోపలి గదిలో ఉంచుచున్నాము. తెలిసినచో అక్కకు సంబంధము రాదని భయము. మేనరికము మనలో వాడుక గనుక ఈ సంగతి మనకు మరీ దగ్గరిది. ఒకే తాత వంశములో దాగియున్న లోపము భార్యాభర్తలిద్దరిలోను ఉండుటకు అవకాశము హెచ్చు. ఇద్దరిలోను ఉన్నచో కలుగు ప్రతి బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదమున్నది. ఇది ఎవరి పాపఫలమును కాదు. అయినను దాచుచున్నాము.

ఆ ఆదివారము మన పిల్లలు ఉదయము పరుగెత్తి, సాయంకాల ఆరాధనకు వచ్చిరి. ఎనిమిదేండ్లుగా వెనుక వరుసలో కుమారునితో కూర్చొను ఒక సహోదరి యొద్దకు పోయి, "ఆంటీ, తమ్ముడి జబ్బు పేరేమిటి?" అని అడిగిరి. ఆమె ఏడ్చి, "ఇన్నేళ్ళలో పేరు అడిగింది మీరే" అన్నది. మేము ఆ బిడ్డ కొరకు ఎన్నో మారులు ప్రార్థించితిమి, కానుకయు ఇచ్చితిమి. కాని పేరు అడుగలేదు. ఆ రాత్రి మాకు సిగ్గు కలిగినది.

ఇక పరిశోధన సంగతి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినచో వాడు తినుట కన్నులార చూతుము. పరిశోధనకు ఇచ్చినవాడు దాని ఫలము చూడకనే పోవచ్చును. భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పనిచేయుచుండగా ఆయన బృందము అమినోప్టెరిన్ అను మందు చేసినది. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సరు గల పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితములు ప్రకటించిరి. పిల్లలు కొంతకాలము కోలుకొనిరి, మరల వ్యాధి తిరుగబెట్టినది. సుబ్బారావు గారును ఆ సంవత్సరమే మరణించిరి. ఫార్బర్ పరిశోధన కొరకు 1948లోనే జిమ్మీ ఫండు పేర సామాన్యుల యొద్ద చందాలు కూడబెట్టసాగిరి. 1980 నుండి ఆ ఆసుపత్రి కొరకే వేలమంది మసాచుసెట్స్ రాష్ట్రమున సైకిళ్ళు తొక్కుచున్నారు. నేడు మంచి వైద్యము దొరకిన చోట ఆ వ్యాధిగల పిల్లలలో పదింట తొమ్మండుగురు వరకు బ్రదుకుచున్నారు. తొలి చందా ఇచ్చినవారిలో ఎందరు ఇది చూచిరి?

అరుదైన వ్యాధులు ఇంకను ఆ 1948 దగ్గరనే ఉన్నవి. చాలావాటికి మందే లేదు. ఉన్నవాటిలో పాంపే వ్యాధి మందు వంటివి జీవితాంతము ఎక్కించవలసినవి. 2021 జాతీయ విధానము క్రింద, 2022 నుండి రోగికి 50 లక్షల రూపాయల వరకు సహాయమున్నను అది కొందరికి ఒక్క సంవత్సరమునకే చాలదు.

అయితే పరుగులోను శోధన ఉన్నది. కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ క్యాన్సరు వలన కుడికాలు పోగొట్టుకొని, 1980లో కృత్రిమ కాలితో 143 దినములు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తెను. వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకగా ఆగి, మరుసటి ఏడు 22 ఏండ్ల ప్రాయమున మరణించెను. అతడు మనిషికొక్క డాలరు అడిగెనే గాని తన పేరున ఏ కంపెనీయు లాభపడుటకు ఒప్పుకొనలేదు. మన పిల్లలు పరుగు ముగించి తమ పతకమును, ఫోటోను మాత్రమే చూపినచో అది వ్యాయామమే. ఒక రోగి పేరు చెప్పగలిగినచో అది పరిచర్య.

కావున పెద్దలారా, ఆరాధన మానవలసిన పని లేదు, సాయంకాలపు కూడిక ఉన్నది. పరుగెత్తు పిల్లలను ఆటంకపరచకుడి. సంఘ కోశాధికారిని లెక్క అడిగినట్లే, వసూలైన సొమ్ములో పరిశోధనకు ఎంత, రోగులకు ఎంత అని నిర్వాహకులనును అడుగుడి. మోకాళ్ళ నొప్పులతో పరుగెత్తలేని మనము వెనుక వరుస దాక నడువగలము. అక్కడ కూర్చున్న తల్లిని బిడ్డ జబ్బు పేరు అడుగుదము.