దానమా, ఋణమా?

ధనిక దేశము పేద దేశమునకిచ్చునది దానమా, తీర్చవలసిన ఋణమా యని విచారించువారు ముందుగా హైతీ చరిత్రను చదువవలెను. బానిసత్వపు సంకెలలను తామే తెంచుకొని 1804లో స్వతంత్రులైన ఆ ప్రజల రేవున, 1825లో ఫ్రాన్సు రాజు యుద్ధనౌకలను నిలిపి, పూర్వపు యజమానుల నష్టమునకై 15 కోట్ల ఫ్రాంకులు చెల్లింపవలెనని నిర్బంధించెను. ఆ నష్టపు లెక్కలో విముక్తులైన ఆ బానిసల శరీరముల వెలయు చేరియుండెను! తరువాత 9 కోట్లకు తగ్గించినను, అందుకై చేసిన అప్పులు 1947 వరకు హైతీ ప్రజలను వీడలేదు. కాఫీతోటలలో చిందిన చెమట పారిస్ బ్యాంకులకు వడ్డీయై పోయినది.

దేవ, ఋషి, పితృ ఋణములతో మనుష్యఋణమునుగూడ చేర్చిన శతపథబ్రాహ్మణము దృష్టిలో ఇట్టి చరిత్రగల పేద దేశమునకు ధనిక దేశము చేయు సహాయము దయ యెట్లగును? అది బాకీయే. స్థూల జాతీయోత్పత్తిలో నూటికి 0.7 వంతు పేద దేశములకు సహాయముగా ఇత్తుమని 1970లో ఐక్యరాజ్యసమితియందు పలికిన మాటను నేటికిని నిలుపుకొన్న దేశములు వ్రేళ్లపై లెక్కింపదగినవే.