తెగిన తంత్రి – వేసిన ముడి

భగవత్కైంకర్యమున గానమునకు గల స్థానము సామాన్యమైనది కాదు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) శ్రీవేంకటేశ్వరుని సంకీర్తనలతోనే అర్చించిరి. వారి రూపమును చిత్రించువారు చేతియందు తంబురను మరువరు.

తంబుర తీగ నిత్యము బిగింపబడి యుండును గనుక ఏనాడో ఒకనాడు తెగుట సహజము. బిరడకు చుట్టిన వంపునొద్ద తెగినచో, ఎరిగినవాడు ఆ తీగను పారవేయడు. మరియొక తీగముక్కను తెచ్చి, రెండింటి కొనలను ఉచ్చులుగా వంచి, ఒకదానిలో నొకటి దూర్చి, మెలివేసి ముడి వేయును. పిదప బిరడను మెల్లగా త్రిప్పును. ముడి కుదురుకొను వరకు శ్రుతి దిగుచుండును. అతడు మరల మరల సవరించును. అయితే ఇందొక నియమము కలదు. తీగ మ్రోగు భాగమున ముడి పడరాదు. పడినచో నాదము చెడును. ఆ భాగమునకు వెలుపల నున్న ముడి వలన నాదమునకు లోపము లేదు.

పుత్రశోకమున తిరువారాధనమును విడిచిన గృహస్థు డొకడు కలడనుకొందము. శోకము కొంత ఉపశమించిన పిదప అతడు పూజామందిరపు గడప వరకు వచ్చును. ఇన్నాళ్లు విడిచిన చేతులతో తులసిని ఎట్లు సమర్పింతునని సిగ్గుపడి మరలిపోవును.

అట్టివాడు తెలియవలసిన దొకటి కలదు. జీవునకును శ్రీమన్నారాయణునకును గల శేషశేషిభావము నిత్యము. అది జీవుడు కట్టినది కాదు. వాని వలన తెగునది కాదు. తెగినది, తన బిరడకు తాను చుట్టుకొన్న నియమమనెడి కొన మాత్రమే. తెగిన తీగ తనంతట తాను పొడవు కాజాలదు. ఆచార్యుని ఉపదేశమే ఆ కలుపవలసిన తీగముక్క, శరణాగతియే ముడి. ఎంతటి దురాచారుడైనను అనన్యభక్తితో భజించువానిని సాధువుగనే ఎంచవలెనని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున అభయ మొసగినాడు. శోకముచే తడబడినవానికి ఆ అభయము లేకుండునా?

అయితే ముడి యుండవలసిన చోటును మరువరాదు. విడిచితినను సిగ్గుగాని, మరల వచ్చితినను గర్వముగాని ఆరాధన నడుమ మ్రోగరాదు. దానిని స్వామి పాదములకడ విన్నవించి, అక్కడనే విడిచి, తులసీదళమును చేత గొనవలెను. తొలినాళ్లలో మనస్సు శ్రుతి తప్పును. తప్పినప్పుడెల్ల బిరడను త్రిప్పుటయే సాధన.

వినువారికి ముడి కనబడదు. దానిని ఎరిగిన స్వామి వాత్సల్యముచే దోషముగా ఎంచడు. నాదమునే స్వీకరించును.