నిలువని కడుపు

కడుపు నిలువదని తెలిసినపుడు వైద్యులు చేయగలుగునది స్వల్పము. కావున చూడవలసినదియు స్వల్పమే యను భావము ఆసుపత్రులలో పలుచోట్ల కనబడుచున్నది. ఇది తప్పు తర్కము. శిశువు దక్కకున్నను తల్లి యున్నది. రక్తస్రావమును, జ్వరమును ఆమెకే గదా!

మా కోడలికి ఆరవ మాసమున గర్భము పోగా, ఒక ఆసుపత్రిలో బాలింతల నడుమనే పడుకొనబెట్టిరి. బిడ్డ ఆడయో మగయో చెప్పుమని ఆమె రెండుమారులు అడిగినది. ‘చిన్నదానవే, మరల పుట్టుదురులే’ అని నర్సు తమిళమున పలికి పోయెను. (నాలుగు తరములుగా ఇచట నున్నందున మాకది అర్థమైనది, కాకున్నచో మేలేమో.)

గుమాస్తాగా నేను ఎన్నో సెలవు దరఖాస్తులు చూచితిని. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము గర్భస్రావమైన ఉద్యోగినికి 6 వారముల వేతనపు సెలవు నిచ్చినది. శిశువే లేనపుడు సెలవేల యని అది అడుగలేదు. వార్డులో వేరు గది లేకున్నను, మంచము చుట్టు ఒక తెర కట్టవచ్చును.