తీర్పుకు అవతల: ద్వీపాంతర స్త్రీ ఖైదీ జీవిత రచనలో నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

ఒక స్త్రీ జీవితం గురించి మిగిలిన ఆధారమంతా ఆమెను శిక్షించినవారి చేతిరాతే అయినప్పుడు, ఆ ఆధారంతో ఆమె జీవితచరిత్ర రాయడం న్యాయమేనా? ద్వీపాంతరవాస శిక్ష పడిన స్త్రీలను గురించి పరిశోధించేవారికి ఇది పద్ధతికన్నా ముందు నీతికి సంబంధించిన ప్రశ్న. రాస్తే తీర్పునే మరొకసారి చదివినట్లవుతుంది. రాయకపోతే, ఆమె తన ఊరి జ్ఞాపకం నుంచి తొలగిపోవాలన్న శిక్ష ఉద్దేశం సంపూర్ణంగా నెరవేరుతుంది. ఈ రెండింటి నడుమ పరిశోధకుల బాధ్యతను నిర్ణయించడానికి ఈ వ్యాసం ప్రయత్నిస్తుంది.

శిక్ష స్వరూపం

1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో డాక్టర్ వాకర్ పోర్ట్ బ్లెయిర్ చేరడంతో అండమాన్ శిక్షావాసం ఆరంభమైంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి హత్యానేరానికి మరణశిక్షను గాని యావజ్జీవ ద్వీపాంతరవాసాన్ని గాని నిర్దేశించింది. 1955 సవరణతో అది యావజ్జీవ కారాగారంగా మారింది. ఖైదీ మెడలోని చెక్కబిళ్ల మీద సంఖ్య, సెక్షను, శిక్ష తేదీ ఉండేవి. స్త్రీలను ప్రత్యేక జైలులో ఉంచేవారు. కొంతకాలం గడిచాక, అధికారుల అనుమతితో, స్వయంపోషక హోదా పొందిన పురుష ఖైదీని పెళ్లాడి బయట కాపురం పెట్టుకొనే వీలుండేది. ఆ కుటుంబాల సంతతి ‘లోకల్ బోర్న్’ సమాజంగా పేరుపొందింది; హిందుస్తానీ వారి ఉమ్మడి భాష అయింది. తల్లి ఏ భాషలో ఏడ్చిందో బిడ్డకు అవసరం లేకుండా పోయింది.

తెలుగు నేల జ్ఞాపకంలో అండమాన్‌కు చోటు లేకపోలేదు. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్ అక్కడికే వెళ్లాడు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఆ శిక్ష అనుభవించి తిరిగి వచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడయ్యాడు. ఇవి రాజ్యాన్ని ఎదిరించినవారి కథలు గనుక గౌరవంతో నిలిచాయి. ఇంట్లో జరిగిన నేరానికి సముద్రం దాటిన స్త్రీకి అటువంటి గౌరవం లేదు. ఆమెను తలచుకోవడానికి ఊరికి కారణం కనిపించదు. మరచిపోవడానికి మాత్రం కారణాలు చాలా ఉన్నాయి.

రెండు ఉదాహరణలు

1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు శిశుహత్యానేరం కింద ఉరిశిక్ష పడింది. అది ద్వీపాంతరవాసంగా, తరువాత ఐదేళ్ల శిక్షగా తగ్గింది. ఆ కేసు చుట్టూ పత్రికల్లో రేగిన స్త్రీనిందకు సమాధానంగా తారాబాయి శిందే 1882లో మరాఠీలో ‘స్త్రీ పురుష తులన’ రాశారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినది కూడా 1881 డిసెంబరులోనే. ఒకే సంవత్సరంలో ఒకచోట వితంతువు ముద్దాయి, మరొకచోట వధువు. వారి మధ్య తేడాను వ్యక్తుల శీలంలో వెదకడం కన్నా, వారికి అందుబాటులో ఉన్న దారుల్లో వెదకడం సమంజసం. అయితే విజయలక్ష్మి చర్చకు కారణమైనంతగా చర్చలో మాట్లాడే మనిషి కాలేకపోయింది.

రణజిత్ గుహ తన ‘చంద్రాస్ డెత్’ వ్యాసంలో 1849 నాటి బెంగాల్ వాంగ్మూలాల తునకలను పరిశీలించారు. గర్భస్రావం కోసం మందు తీసుకొని చంద్ర మరణించింది. మందిచ్చిన తోబుట్టువు బృంద చట్టం దృష్టిలో హంతకురాలయింది. ఆపదలో ఉన్న తోబుట్టువుకు చేసిన సాయాన్ని చట్టం నేరాంగీకారంగా మార్చిన తీరును ఆయన చూపారు. నేరాన్ని కాదనడం ఆయన పని కాదు. నేరం అన్న మాటలో పట్టకుండా పోయినదాన్ని చూడటం ఆయన పని.

‘అట’ లేని వాక్యం

ఇక్కడ తెలుగు భాష ఒక మెలకువ నేర్పుతుంది. కళ్లారా చూడనిదాన్ని తెలుగువారు ‘అట’ చేర్చి చెబుతారు. ‘చంపింది’ అనడానికీ ‘చంపిందట’ అనడానికీ మధ్య చెప్పేవారి బాధ్యత ఉంది. తీర్పు రాతలో ఈ ‘అట’ ఉండదు. సాక్షి తెలుగులో చెప్పినది గుమాస్తా ఇంగ్లీషులోకి మార్చగా, న్యాయమూర్తి దాన్ని నిర్ధారణగా రాస్తాడు. పరిశోధకులు తిరిగి తెలుగులోకి తెచ్చేటప్పుడు పోయిన ‘అట’ను తిరిగి చేర్చకపోతే, తామే ప్రత్యక్ష సాక్షులైనట్లు మాట్లాడుతున్నారన్నమాట. ఆ స్త్రీ నోట శిష్టభాష పెట్టడం కూడా అటువంటి దోషమే. ఆమె యాస ఏదో రికార్డు చెప్పదు. ఊహించిన సంభాషణ ఆమెను ఇంకొక పరాయి భాషలోకి పంపుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. చనిపోయిన శిశువు కూడా మౌనంగానే ఉంది కదా, తల్లి పట్ల సానుభూతి ఆ మరణాన్ని తేలిక చేయదా? చేయగలదు. అందుకే చరిత్ర రచన అప్పీలు కోర్టు కాకూడదు. ఆమెను నిర్దోషిగా విడుదల చేయడం, వీరనారిగా నిలబెట్టడం రెండూ ఆమె బదులు మాట్లాడటమే. మరణాన్ని మరణంగా చెప్పి, ఆ మరణానికి దారితీసిన ఇల్లు, కులం, ఆకలి, భయం రికార్డులో ఎంతవరకు కనిపిస్తాయో అంతవరకే చెప్పడం న్యాయం.

బొగ్గుగనుల నేల నుంచి ఒక ప్రమాణం

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో ‘కాలనీ’ అంటే కంపెనీ క్వార్టర్ల వాడ. ద్వీపాంతర శిక్షావాసంతో దానికి పోలిక లేదు. కాని కాగితం మీద స్త్రీ కనిపించే తీరులో ఆలోచించదగ్గ పోలిక ఒకటుంది. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి దూరం పెట్టింది. 2019లో గాని ఆ నిబంధన సడలలేదు. ఇన్ని దశాబ్దాలు గని కాగితాల్లో స్త్రీ ఎక్కువగా భార్యగా, నామినీగా, కార్మికుడు మరణిస్తే వితంతువుగా కనిపిస్తుంది. అక్కడా ఆమె జీవితం మరొకరి ప్రమాదం జరిగిన తేదీ దగ్గరే మొదలవుతుంది.

తేడా ఒక్కటే, అదే కీలకమైనది. గని కార్మికుని భార్య జీవించి ఉంది. పరిశోధకురాలు అడిగితే చెప్పగలదు, చెప్పనని తలుపు వేసుకోగలదు, ‘నేనట్ల అనలేదు’ అని దిద్దగలదు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటలమీదే నిలబడింది. అండమాన్ వెళ్లిన స్త్రీకి చెప్పే వీలు లేదు; కాదనే వీలు అంతకన్నా లేదు.

ముగింపు

జీవించి ఉన్నవారు విధించే హద్దునే మరణించినవారి విషయంలోనూ పాటించడం ఇందుకు తగిన ప్రమాణం. ఆమె ఎదుట కూర్చుని, ఆమె భాషలో చదివి వినిపించగల వాక్యాన్నే రాయాలి. ఆ వాక్యం ఆమెను బాధపెట్టవచ్చు. అబద్ధమని మాత్రం ఆమె అనకూడదు. తెలిసినచోట ‘చేసింది’, విన్నచోట ‘చేసిందట’, తెలియనిచోట ఖాళీ: ఈ మూడింటినీ వేరుగా ఉంచిన రచన ఆమెకు విముక్తి ఇవ్వలేదు. కాని తీర్పుతో మొదలై తీర్పుతో ముగిసిన జీవితానికి, ముందొక ఊరు, తరువాత కొన్ని సంవత్సరాలు ఉండేవన్న సంగతిని అది నిలబెడుతుంది. పరిశోధన ఆమెకు చెల్లించగల బాకీ అంతవరకే. ఆ మాత్రమైనా చెల్లించకపోవడం శిక్షను కొనసాగించడమే.