బేసుర్ పాడే హక్కు

శంషాబాద్‌ను ఆనుకుని ఉన్న తొండుపల్లిలో ఒక మిత్రుడి డాబా మీద నెలకోసారి మేం ఆరేడుగురం కూడతాం. అందరం కథలో కవితలో రాసేవాళ్ళమే. తలా ఒక వాయిద్యం పట్టుకుంటాం. ఒకరి చేతిలో ఢోలక్, ఒకరి ముందు మెట్లు అరిగిపోయిన హార్మోనియం, ఇంకొకరి ఒళ్ళో కొడుకు మోజు తీరి వదిలేసిన గిటారు. ఒక్కరికీ సరిగ్గా రాదు. పల్లవి ఒక శ్రుతిలో ఎత్తుకుని చరణం దగ్గర ఇంకో శ్రుతిలో తేలతాం. 2008లో విమానాశ్రయం వచ్చినప్పటి నుంచీ ఆ ఊరి మీదుగా విమానాల మోత. ఆ మోత వచ్చినప్పుడల్లా మా తప్పులు మాకే వినబడవు. ఆ కాసేపూ ధైర్యంగా గొంతెత్తుతాం.

ఒక రాత్రి రెండు మాటలు విన్నాం. మా మధ్య కూర్చున్న ఒక సెక్యులర్ మిత్రుడు ఆశ్చర్యపోయాడు: "అదేమిటి భాయ్, ఖవ్వాలీ మీ రక్తంలోనే ఉంటుందనుకున్నానే!" ప్రేమగానే అన్నాడు. కిందికి దిగాక గల్లీలో ఒక పెద్దాయన ఆపాడు: "ఈ బాజా బజాయించుడేంది బేటా, నలుగురు చూస్తే మనోళ్ళ గురించి ఏమనుకుంటరు?" ఆయనా ప్రేమగానే అన్నాడు. ఒకరేమో మేం బాగా పాడనందుకు నిరాశపడ్డారు. ఇంకొకరు అసలు పాడుతున్నందుకే బాధపడ్డారు. ఇద్దరి మాటలోనూ ఒకటే ఉంది. మేం పాడితే అది మా పాట కాదు, మొత్తం ముస్లింల పాట. మేం తప్పితే మొత్తం ముస్లింల తప్పు.

ఒక మనిషికి తనకు రాని పనిని నలుగురిలో సరదాగా చేసే హక్కు ఉందా? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఈ హక్కు అందరికీ సమానంగా లేదని మా అనుభవం.

అమెరికాలో రచయితలంతా కలిసి ఒక రాక్ బ్యాండు పెట్టుకున్నారు. రచయితలను ఊరూరా తిప్పి పుస్తకాలకు ప్రచారం చేసే కాథీ కేమెన్ గోల్డ్‌మార్క్ అనే ఆమె వాళ్ళను కూడగట్టింది. స్టీఫెన్ కింగ్, ఆమీ టాన్, డేవ్ బారీ వంటి పెద్ద పేర్లే అందులో ఉన్నాయి. 1992లో అనాహైమ్‌లో జరిగిన పుస్తక విక్రేతల మహాసభలో మొదటిసారి వేదికెక్కారు. తమకు పాట అంతంతమాత్రమేనని వాళ్ళే నవ్వుతూ చెప్పుకున్నారు. జనం డబ్బిచ్చి మరీ విన్నారు, ఆ డబ్బు మంచి పనులకు పోయింది. 2012లో గోల్డ్‌మార్క్ చనిపోయిన నెలకు వీడ్కోలు కచేరీలు చేశారు. ఆ తర్వాతా అప్పుడప్పుడూ కూడారు.

ఆ బ్యాండు పేరు ‘రాక్ బాటమ్ రిమైండర్స్’. అమ్ముడుపోక మిగిలి, చివరికి అడ్డికి పావుశేరు లెక్కన వదిలించుకునే పుస్తకాలను అక్కడ రిమైండర్లంటారు. అంటే అట్టడుగు మిగులు సరుకు! లక్షల్లో పుస్తకాలు అమ్ముడుపోయేవాళ్ళు తమను తాము మిగులు సరుకని పిలుచుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు మాకూ నచ్చింది. కానీ ఆ పేరు దగ్గరే మా గొంతులో ఏదో అడ్డుపడింది.

ఎందుకంటే మిగులు అనేది మాకు సరదాకు పెట్టుకున్న పేరు కాదు. 1947లో దేశం చీలినప్పుడు పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళమని మమ్మల్ని లెక్కగట్టారు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం మీద ‘పోలీసు చర్య’ జరిగింది. దాని వెంట సాగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికే రాలేదు. ఆ తర్వాత బతికున్నవాళ్ళు మిగిలినవాళ్ళు. రిమైండర్లు మొదటి పాట పాడిన అదే 1992లో, డిసెంబరు 6న, బాబ్రీ మసీదు కూలింది. మేం ఈ దేశంలో ఎందుకు మిగిలామో మళ్ళీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ సంకలనం ఆ కాలపు వేడిలో నుంచి వచ్చినవే. తనను తాను మిగులు అని పిలుచుకోవాలంటే ముందు ఎవరూ తనను మిగులుగా చూడని చోట నిలబడి ఉండాలి. తన మీద తాను నవ్వుకోవడానికి కూడా కాళ్ళ కింద కొంత నేల కావాలి.

ఇంకో తేడా కూడా ఉంది. వాళ్ళు రాతతో బతుకుతారు, పాటతో ఆడుకుంటారు. తెలుగులో కథలూ కవితలూ రాసి బతికేవాళ్ళు ఎందరు? మాలో ఒకరు టీచరు, ఒకరు బ్యాంకు గుమాస్తా, ఒకరికి చిన్న దుకాణం. మేం రాతలోనూ ఔత్సాహికులమే, పాటలోనూ ఔత్సాహికులమే. కానీ రాతలో మాకు ఆ సడలింపు లేదు. మాది ‘తురక తెలుగు’ అని బడిలోనే వెక్కిరించారు. ఒక్క ఒత్తు తప్పితే, "ఎంతైనా మీ మాతృభాష కాదు కదా" అన్నారు. అదే తప్పు పక్కవాడు రాస్తే అచ్చుతప్పు, మేం రాస్తే పుట్టుక తప్పు. అందుకే నిఘంటువులు నమిలాం. డాబా మీద ఢోలక్ తప్పు కొట్టినప్పుడు మాకు కలిగే సంతోషం ఎక్కడిదో ఇప్పుడు అర్థమవుతోంది. పరీక్ష లేని చోటు అదొక్కటే.

పెద్దవాళ్ళ సంగతి చూడండి. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టాడు. ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెప్పాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశాడు. ఆయన చెప్పగా మరొకరు రాసిన ఆయన జీవితకథ పేరు ‘పింజారి’. దూది ఏకే కులం పేరు తెలుగులో తిట్టయిపోయింది. నాజర్ ఆ తిట్టునే పుస్తకం అట్ట మీదికి ఎక్కించాడు. కానీ ఆ పేరు పెట్టుకోగలిగింది బుర్రకథ పితామహుడు అనిపించుకున్నాకే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరం ఊదాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. మత సామరస్యం మాట వచ్చినప్పుడల్లా మిత్రులు ఈ పేర్లు చెబుతారు. మాకూ గర్వమే. కానీ ఒక సందేహం. నాజర్ గొంతు అంత గొప్పది కాకపోతే, చినమౌలానా ఊపిరి అంత నిండుగా లేకపోతే, వాళ్ళకు ఆ చోటు దొరికేదా? అసాధారణంగా ఉంటేనే మనవాడంటామనే మాటలో సామరస్యం ఎంత, షరతు ఎంత? మామూలుగా పాడేవాడు, మామూలుగా రాసేవాడు, మామూలుగా బతికేవాడు కూడా మనవాడే కావాలి కదా.

గల్లీలో ఆపిన పెద్దాయనకు మేం ఫత్వా చెప్పలేం. సంగీతం తగునా తగదా అనే చర్చ మాలో వందల ఏళ్ళుగా ఉంది. ఇమామ్ గజాలీ ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో దీని మీద ఒక భాగమే రాశాడు. పాట మనిషి మనసులో దేన్ని లేపుతుందో చూడమన్నాడు గానీ అంతటినీ ఒక్క గాటన కట్టలేదు. తొండుపల్లి నుంచి కొత్తూరు వైపు పోతే జహంగీర్ పీర్ దర్గా ఉంది, అన్ని మతాలవాళ్ళూ పోతారు. వద్దనేవాళ్ళూ మావాళ్ళే, పాడేవాళ్ళూ మావాళ్ళే. ముస్లింలంతా ఒకే శ్రుతిలో ఉండాలనేది బయటివాళ్ళ కోరికే కాదు, మా ఇంట్లోనూ ఉంది.

ఇంతవరకూ చెప్పింది మా ఫిర్యాదు. మా మీద ఫిర్యాదు కూడా ఉంది, అది దాచకూడదు.

ఒకసారి డప్పు కావాలనుకున్నాం. పీర్ల పండుగకు డప్పు కొట్టే ఒకన్నను పిలిచాం. మా చిన్నప్పటి ఊళ్ళలో అలావ చుట్టూ ఆడే ఆటకు మాదిగల డప్పు లేకుండా పీరు కదిలేది కాదు. ఆయన డప్పు సెగకు కాచి దరువు చూపించాడు. మేం కొట్టాం, తప్పాం, పడీ పడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. "మీరు తప్పు కొడితె నవ్వుకుంటరు సారూ. నేను తప్పు కొడితె కూలి ఇయ్యరు," అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. తప్పు చేసే స్వేచ్ఛ మాకు లేదని ఇన్నాళ్ళూ వాదించినవాళ్ళం, మా ముందున్న మనిషికి అది అంతకన్నా లేదని చూడలేదు. ఆయన బతుకుతెరువు మాకు ఆదివారం ఆట. మేం ఆయన్ని అన్నా అంటున్నాం, ఆయన మమ్మల్ని సారూ అంటున్నాడు. ఆ రెండు పిలుపుల మధ్య దూరం మేం పెట్టింది కాదనుకుంటే సరిపోదు. మాలోనే షేకులూ సయ్యదులూ దూదేకుల ఇంటికి పిల్లనివ్వడానికి ఇప్పటికీ వెనకాడతారు. నాజర్ పేరు వేదికల మీద చెప్పుకుని పింజారి అనే మాటను ఇంట్లో తిట్టుగా వాడేవాళ్ళు మాలోనూ ఉన్నారు.

అలాగని డప్పు ముట్టుకోకూడదని మేం అనుకోవడం లేదు. ముట్టుకోకపోవడం అనేది ఈ దేశంలో ఎప్పుడూ న్యాయం కాలేదు. కూలి ఇవ్వాలి, ఇచ్చాం. నేర్పినందుకు గురువనాలి, అన్నాం. అంతటితో తీరేది కాదు. మాకు కావాలని అడుగుతున్న హక్కు ఆయనకు కూడా రావాలి. లేకపోతే మేం అడుగుతున్నది హక్కు కాదు, హోదా.

చివరికి ఆయనే లేచి గిటారు అందుకున్నాడు. డప్పు మీద ఒక్క దెబ్బ తప్పని వేళ్ళు తీగల మీద తడబడ్డాయి. ఏదో చెడ్డ చప్పుడు వచ్చింది. ఆయన ఫక్కున నవ్వాడు. మళ్ళీ మీటాడు, ఇంకా చెడ్డగా వచ్చింది, ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ చప్పుడుకు ఎవరూ కూలి కొయ్యరు, ఏ కులమూ జవాబుదారీ కాదు.

మేం సెక్యులర్ మిత్రులను అడిగేది అంతే. మమ్మల్ని గొప్పవాళ్ళని మెచ్చుకోనక్కర్లేదు. మా పాట బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి. మీది తప్పిపోయింది ఫలానా భాయ్ అని మా పేరు పెట్టి నవ్వండి, మేమూ నవ్వుతాం. మా మతం పేరు పెట్టి మాత్రం నవ్వకండి, మెచ్చుకోకండి. మావాళ్ళకు చెప్పేదీ అదే. పరువంతా మా గొంతుల మీద మోపకండి. బేసుర్ పాడుకునేంత జాగా ఇచ్చినప్పుడే ఇది మా ఇల్లు, మా ఊరు, మా దేశం అని మాకు నిజంగా అనిపిస్తుంది.