ఏనాటి పద్మిని?

రిటైరైన మగవాళ్ళకి ఏదో ఒక పిచ్చి పట్టుకోకుండా ఉండదని మా పెద్దమ్మ అంటూ ఉండేది. కొందరికి హోమియోపతి, కొందరికి వాస్తు, మరికొందరికి ఎడిటరుగారికి ఉత్తరాలు. ఇవన్నీ కూర్చుని చేసుకునేవి కనక ఇల్లాలికి పెద్ద ఇబ్బంది ఉండదు. మావారికి పట్టింది పడుకుని చేసే పని. పొద్దున్నే కాఫీ తాగి కారు కిందికి దూరారంటే ఇక మధ్యాహ్నం దాకా ఆయన పాదాలతోనే నా సంభాషణ. "వంకాయా, బెండకాయా?" అని అడిగితే కుడికాలి బొటనవేలు కదిలిందంటే వంకాయ అన్నమాట.

ఆ కారు ప్రీమియర్ పద్మిని, 1975 నాటిది. మామగారు గుంటూరులో ప్లీడరీ చేసే రోజుల్లో కొన్నారు. ఇవాళ చెబితే పిల్లలు నమ్మరు గాని, అప్పట్లో చేతిలో డబ్బున్నంత మాత్రాన కారు ఇంటికి వచ్చేది కాదు. పేరు రాయించుకుని, వంతు కోసం ఏళ్ళ తరబడి కాచుకోవాలి. బొంబాయి కుర్లాలో ఇటలీ ఫియట్ నమూనా మీద తయారయ్యేదీ బండి. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కర్ర, ముందు వైపు కూడా సోఫాలాంటి ఒకే పొడుగు సీటు. పాత హిందీ సినిమాల్లో నలుపూ పసుపూ టాక్సీ కనిపిస్తే అది చాలావరకు ఈ బండే. బొంబాయి రోడ్ల మీద ఆ టాక్సీలకి 2023 అక్టోబరుతో కాలం చెల్లింది. మా పద్మిని అంతకు చాలా ముందే, మామగారు పోయిన ఏడాదే, పెరట్లో రేకుల షెడ్డు చేరింది. పిల్లి మూడుసార్లు ఈనింది అందులో.

ఈ మరమ్మత్తులో నేనూ చెయ్యి పెట్టాను. పెట్టాక తెలిసిందేమిటంటే, మనకి తెలియని విద్య అందులో పెద్దగా ఏమీ లేదు. బిగుసుకుపోయిన నట్టు మీద కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలెయ్యాలి. మినప్పప్పు నానేసుకునేవాళ్ళకి ఆ ఓపిక ఒకరు నేర్పాలా? కార్బురేటరులో పెట్రోలు చిమ్మే జెట్టు చూడగానే మా అమ్మ పంపు స్టవ్వు నిపిలు గుర్తొచ్చి పిన్ను కోసం లేచాను. మావారు గోల పెట్టారు. జెట్టులో పిన్ను పొడిస్తే కన్నం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుందట, ఊది మాత్రమే శుభ్రం చెయ్యాలట. సరే, ఊదాను. ఇక వాల్వులు ఎనిమిది. ఒక్కొక్కదానికి గరుకు పేస్టు రాసి, పుల్లకి అతికించి, దాని గూట్లో పెట్టి, ఆ పుల్లని రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. అంచు చుట్టూ సన్నటి బూడిదరంగు వలయం ఎక్కడా తెగకుండా కనిపించేదాకా తిప్పాలి. ఎనిమిదింటిలో అయిదు నేనే చేశాను. వెన్న రాలేదన్న మాటే గాని పని అదే.

తుప్పు సంగతి చెప్పాలి. కాళ్ళ దగ్గర పరిచిన రబ్బరు పట్టా పైకి నిగనిగలాడుతోంది. ఎత్తి చూద్దుము గదా, కింద నేల కనిపించింది. కారు నేల కాదు, షెడ్డు నేల! పట్టా కిందికి చేరిన తడి ఆరే దారిలేక ఏళ్ళ తరబడి రేకుని తినేసింది. ఆ రేకంతా కోయించి కొత్తది అతికించాల్సి వచ్చింది. బ్రేకుల్లో రబ్బర్లు కొత్తవి, వైర్లు కొత్తవి, గొట్టాలు కొత్తవి. విజయవాడ ఆటోనగర్ వెళ్ళినప్పుడల్లా సంచీ నిండా సామాను. నా పద్దుల పుస్తకంలో "పద్మిని" అని వేరే పేజీ తీశాను; అది మూడు పేజీలైంది. మొత్తం ఎంతో ఇక్కడ రాయను, మా ఆడపడుచు ఈ పత్రిక చదువుతుంది.

సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి ఊడదీసిన పాత సామాను గుట్టని చూసి, "నాన్నా, తాతయ్య కారు ఇదా, అదా?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. కాని ఆ మాట నన్ను వదల్లేదు.

ప్రశ్న కొత్తదేం కాదు. రెండువేల ఏళ్ళ కిందటి మిలిందుడనే గ్రీకు రాజుకీ, నాగసేనుడనే బౌద్ధ భిక్షువుకీ జరిగిన సంవాదంలో ఇదే ఉంది. రాజు రథం మీద వచ్చాడు. రథమంటే ఏది, ఇరుసా, చక్రాలా, కాడా, నొగా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతాడు. ఏదీ కాదంటాడు రాజు. ఇవన్నీ కలిసి ఉన్నప్పుడు వాడుక కోసం పెట్టుకున్న పేరే రథం అని చివరికి తేలుతుంది. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. కాని నాగసేనుడు సన్యాసి. అత్తగారు వదిలివెళ్ళిన సామాను ఆయన ఇంట్లో లేదు. అసలు ఇల్లే లేదు. మనబోటి సంసారులకి ఆ జవాబు సగం దూరమే వస్తుంది.

మావారి జవాబు వేరు. పాతరేకులు పోతే పోనీ, బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే నిలబెడితే అదే అసలు పద్మిని అంటారాయన. దీనికి చట్టం సాయం కూడా తెచ్చుకున్నారు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన చేసింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా, ఛాసిస్‌లోనూ బాడీలోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు జరగకుండా ఉన్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేస్తారు. పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. అయితే ఆ గౌరవం దక్కిన బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, పాతకార్ల ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మత్తుకో తప్ప కదలరాదు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పూజ్యురాలివి తల్లీ, గడప మాత్రం దాటకు అనడం మనకి కొత్తా?

సరే, గేటు దాటిన రోజు. ఆ రోజు మీదే మాకు తగువు వచ్చింది.

పద్మిని డాష్‌బోర్డుకి ఎడమ పక్కన రెండు చిన్న రంధ్రాలున్నాయి. వాటి కథ చెబుతాను. కారు వచ్చిన కొత్తలో మామగారే నడిపేవారు. ముందు సీటు గుమాస్తాగారిది. ఆయన రాని రోజున ఫైళ్ళది. అత్తగారు ఎప్పుడూ వెనక సీట్లో ఎడమ పక్క, ఒళ్ళో క్యారియరు. కారు ఎటు పోవాలో, ఎప్పుడు పోవాలో, దారిలో ఎక్కడ ఆగాలో ఆవిడని అడిగినవాళ్ళు లేరు. ఒకనాటి మధ్యాహ్నం మామగారు నిద్రపోతున్నప్పుడు, ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియను చేత ఆ రెండు రంధ్రాలు తొలిపించి, అరచేతిలో పట్టే వెంకటేశ్వరస్వామి పటం బిగించేసింది. కొత్త కారుకి కన్నాలు పెట్టించిందని మామగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున, బండి కదిలించే ముందు ఆ పటానికి దణ్ణం పెట్టుకున్నారట. ఆవిడ నోటితోనే విన్నాను, చెప్పిన ప్రతిసారీ ఆవిడ ముఖం చూడాల్సిందే. ఆ కారు విషయంలో ఆవిడ ఇష్టప్రకారం జరిగింది అదొక్కటే.

మావారు ఆ రంధ్రాలు పూడ్చి, సాపు చేసి, రంగు వేయిస్తామన్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అవి లేవు గనక.

"మీరు దాన్ని అత్తగారు ముట్టుకోకముందుకి తీసుకెళుతున్నారు," అన్నాను.

మావారు ప్లీడరుగారి కొడుకు. వెంటనే ఎదురు ప్రశ్న వేశారు. "మరి నువ్వు మీ అమ్మ కాసులపేరు కరిగించి పిల్లకి హారం చేయించలేదూ?"

చేయించాను. ఆ కాసుల మీద లక్ష్మీదేవి రూపు మా అమ్మ మెడకి ఒరుసుకుని ఒరుసుకుని, ముక్కూ కళ్ళూ అరిగి నున్నబడింది. కంసాలి తూకంలో బంగారం వచ్చింది, తరుగు వచ్చింది. అమ్మ మెడలో నలభై ఏళ్ళు మాత్రం ఏ పద్దులోకీ రాలేదు. ఆ సంగతి తెలిసే చేయించాను. కాని కరిగించే ముందు అమ్మని అడిగాను. "పెట్టెలో ఉంటే ఎవరికి? వేసుకునేదానికి నచ్చాలి గాని," అంది అమ్మ. అడగడానికి మనిషి ఉంది, అడిగాను. అత్తగారిని అడగడానికి లేదు. అడిగే వీల్లేనివాళ్ళ గుర్తుని చెరపబోయేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడాలన్నదే నా వాదన. అంతకంటే నాకు వేదాంతం తెలియదు.

పోనీ, ఆయన చెప్పే అసలు రూపం పూర్తిగా వస్తుందా అంటే అదీ రాదు. ఆ రోజుల పెట్రోలులో సీసం కలిపేవారు. 2000లో దేశమంతా అది ఆగిపోయింది. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా ఆగిపోవడమే మంచిదైంది. ఇప్పటి పెట్రోలులో అయిదో వంతు దాకా ఇథనాల్. అది పాతకాలపు రబ్బరు గొట్టాలకి పడదు, మెత్తబడి ఉబ్బిపోతాయి. అంటే 1975 నాటి బండిని నిలబెట్టగలరేమో గాని, అది తాగిన పెట్రోలు తేలేరు. అప్పటి బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాంతకం. వెనకటి మెకానిక్కులు బ్రేకు డ్రమ్ములు ఊది దులిపేవారు, పాపం. మావారు పాత లైనింగులు తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని మరీ తీసి, ఆస్‌బెస్టాస్ లేనివి వేయించారు. అసలుది కావాలని అక్కడ పట్టుబట్టలేదు. పట్టుబట్టనందుకు సంతోషించాను గాని, విషయం మాత్రం మనసులో రాసిపెట్టుకున్నాను.

పాతకాలం మంచిదనే మాట మన ఇళ్ళల్లో రోజూ వింటాం. పాత బియ్యం, పాత వైద్యం, పాత పద్ధతులు. చెప్పేవాళ్ళు ఏది ఉంచి ఏది వదిలి చెబుతున్నారో కనిపెట్టి చూస్తే చాలా తెలుస్తుంది. ఉమ్మడి కుటుంబం ఎంత బాగుండేదో చెప్పే పెద్దమనిషిని, ఆ కుటుంబంలో రాత్రి పది గంటలకి అంట్లు ఎవరు తోమారో అడగండి. 1975లో మా ఇంటి ఆడవాళ్ళెవరూ ఆ స్టీరింగు ముట్టుకోలేదు. ఇప్పుడు దాన్ని మొదట నడపబోయేది మా అమ్మాయి. మావారికి మోకాలు నొప్పి, క్లచ్చు తొక్కలేరు. నేనంటారా, ఆ గేరు కర్ర ఎటు లాగితే ఏ గేరు పడుతుందో షెడ్డులోనే కూర్చుని కంఠతా పట్టేశాను. పిల్ల ఊరెళ్ళాక చూద్దాం.

పోయిన నెల మావారు సుద్దముక్క పుచ్చుకుని వెనక సీటు దగ్గర ఏవో గుర్తులు పెడుతున్నారు. ఏమిటంటే, సీటు బెల్టులకట. ఆ బండికి పుట్టుకతో బెల్టులు లేవు. మనవరాలు అందులో ఎక్కుతుంది కనక బిగించాలి; బిగించాలంటే బాడీకి కన్నాలు తొలవాలి.

"ఇవి ఫ్యాక్టరీలో లేవుగా?" అన్నాను.

"పిల్ల ప్రాణం కోసం గదటే!"

"అత్తగారు తొలిపించింది కూడా మీ నాన్నగారి ప్రాణం కోసమే. ఆవిడ కాలానికి బెల్టు అదే."

ఆయన ఏమీ అనకుండా కారు కిందికి దూరిపోయారు. మధ్యాహ్నం కూర సంగతి అడిగితే వేలు కదల్లేదు. చారు పెట్టి ఊరుకున్నాను.

డాష్‌బోర్డు సాపు చేసే రోజున ఆ రెండు రంధ్రాల మీదా కాగితం అతికించి, చుట్టూ మాత్రం గీయించారు. నాతో చెప్పలేదు, నేనే చూశాను. పటం ఎక్కడుందో మాత్రం తెలియలేదు. ఆడపడుచు ఇంట్లో ఉందేమో కనుక్కోవాలి.

ఇప్పుడు రంగు మీద పడ్డారు. తలుపు అంచు దగ్గర గరుకు కాగితంతో రుద్దితే పైన లేత నీలం, దాని కింద తెలుపు, ఆ కింద ఎర్రమట్టి రంగు రెడ్ ఆక్సైడు వరసగా బయటపడ్డాయి. తెలుపు 1975ది. నీలం 1988లో ఆడపడుచు పెళ్ళికి వేయించినది. తెలుపే అసలు రంగు అంటారు మావారు. ఆడపడుచు ఫోను చేసి, "వదినా, నేను అప్పగింతల్లో ఎక్కి వెళ్ళింది నీలం కారులో. తెల్లకారు ఎవరిదో నాకు తెలియదని అన్నయ్యతో చెప్పు," అంది. చెప్పాను. ఆయన తలుపు దగ్గర నిలబడి ఆ మూడు రంగులకేసి చాలాసేపు చూశారు.

పెయింటరు సోమవారం వస్తానన్నాడు. ఏ సోమవారమో చెప్పలేదు.