జాతర ఎవరిది?

తరతరములుగా తెలుగువారు కాపురమున్న బరంపురమున, రెండేండ్లకొకసారి, చైత్రపుటెండలు ముదురుచుండగా బూఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర జరుగును. అమ్మవారు తన కోవెలను వీడి దేశిబెహరా వీథిలోని పుట్టినింటికి విచ్చేసి, కొన్ని వారములు అచ్చట నుండి, తిరిగి కోవెల చేరును. ఆ దినములలో వీథులయందు రథములు నిలిపి, పురాణగాథలను బొమ్మలుగా తీర్చి కొలువుంచెదరు. మ్రొక్కుకొన్నవారు పులివేషము మొదలగు వేషములు ధరించి తిరుగుదురు. పగటి వడగాలికి తలుపులు మూసుకొన్న ఊరు చీకటి పడగనే వీథిలోనికి వచ్చును.

ఈ సంబరమును చూచుచు మన బిడ్డ యొకప్పుడు అడుగును: "ఇది మన పండుగా, వారి పండుగా?" చిన్న ప్రశ్నయే. కాని 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేకముగా ఏర్పడి, అంతవరకు మద్రాసు రాజధానిలో నుండిన ఈ ఊరు అందు చేరిన పిమ్మట, మన యిండ్లలో ఇది బరువైన ప్రశ్న యైనది.

మనలో కొందరు చరిత్రతో బదులు చెప్పుదురు: అమ్మవారికి పుట్టినిల్లయిన దేశిబెహరా వంశము డేరా నేతగాండ్రది, వారి పూర్వులు తెలుగుసీమనుండి వచ్చినవారు, కావున పండుగ మనదే యని. మరికొందరు మనము చూడవచ్చినవారము మాత్రమే యని తప్పుకొందురు. మొదటి మాట ఆనందమును ఆస్తితగవుగా మార్చును. రెండవది, కనులపండువుగా చూచి, ఏ భారమును మోయక ఇల్లు చేరుటకు దారి చూపును.

పొలము పంచుకొన్నచో ఒక్కొక్కరి వంతు తరుగును. బొమ్మను పదిమంది చూచినను ఎవరి వంతును తరుగదు. కావున ఆనందమునకు హక్కుపత్రము అక్కరలేదు. ఋణము మాత్రము కలదు. బొమ్మ తీర్చిన చేతికి, యెండలో వేషము మోసిన దేహమునకు, మరునాటి యుదయమున వీథి యూడ్చువానికి, చూచిన ప్రతి కన్నును ఋణపడియున్నది.

ఇక అమ్మవారి రాకయే మనకొక సమాధానము. ఆడబిడ్డ పుట్టింటికి వచ్చినప్పుడు "నీది ఏ యిల్లు?" అని ఎవరును నిలదీయరు. రెండిండ్లును ఆమెవే, రెండింటి మంచిచెడ్డలును ఆమెకు కావలసినవే. తెలుగు మనకు పుట్టినిల్లు, ఈ నేల మెట్టినిల్లు. పుట్టింటి మాట మరువకుండుట ఎంత ధర్మమో, మెట్టినింటి పనికి నడుము కట్టుట అంత ధర్మము.

కావున రాబోవు యాత్రనాటికి ఆ బొమ్మల కథలను మన పిల్లలకు తెలుగున చెప్పుదము. ఒడియాలో చెప్పు పెద్దల ప్రక్కను కూర్చుండబెట్టి వినిపింతము. పగలు వీథిమొగన చలివేంద్రము పెట్టి, వారిచేతనే దారిపోవువారికి నీరు పోయింతము. నీరు పోసిన బిడ్డ, పండుగ ఎవరిదని మరల అడుగదు.